కుడితి తొట్టిలో పాస్తా

మా గేదె కడుపు ఉబ్బడానికి కారణం ఇటలీ దేశం. ఇది తేలిపోయిన విషయం. దీనిమీద నాతో వాదించడానికి ఎవరూ రానక్కర్లేదు.

ఆ దేశం వాళ్లు గోధుమపిండిని స్ప్రింగుల్లా మెలిపెట్టి, ఎండబెట్టి, దానికి పాస్తా అని పేరు పెట్టారు. అది ప్యాకెట్లలో తాడేపల్లిగూడెం దాకా వచ్చింది. అక్కడ హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్న నా కూతురు పింకీ దాన్ని కొని, బస్సెక్కి, ఉంగుటూరు పక్కన మా ఊరు తెచ్చింది. మంగళవారం సాయంత్రం. పండగా కాదు, పుట్టినరోజూ కాదు.

"నాన్నా, ఇవాళ నువ్వు పొయ్యి ముట్టుకోకు. క్రీమీ టమాటా పాస్తా చేస్తాను. చాలా ఈజీ."

"అన్నం కూడా ఈజీయే."

"రోజూ అన్నమేనా?"

"రోజూ ఆకలే కదా."

పింకీ మూతి తిప్పుకుని వంటింట్లోకి వెళ్లింది. ఆ వంటింట్లోకి వెళ్లే హక్కు నా తర్వాత దానికొక్కదానికే ఉంది. మిగతావాళ్లకు లేదు. ఎందుకు లేదో ఒకసారి చెబుతాను.

నాలుగేళ్ల కిందట నా భార్య సువర్ణ జ్వరంతో పోయింది. ఆ నెలంతా చుట్టాలు క్యారేజీలు మోసుకొచ్చారు. మా అక్క నూకాలమ్మ పప్పుల డబ్బా కోసం వెతికి, దొరక్క విసుగొచ్చి, అలమరలో డబ్బాలన్నీ తన వీలు ప్రకారం సర్దేసింది. సువర్ణ పెట్టిన చోట ఒక్కటీ మిగల్లేదు. ఆ పూటే అందరినీ బయటికి పంపాను. డబ్బాలన్నీ గుర్తున్నంత వరకు మళ్లీ వాటి చోట పెట్టాను. గుర్తులేని వాటి గురించి మా అక్కను నేను క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

సరే, పాస్తా. పింకీ ఫోను కిటికీలో నిలబెట్టి, అందులో ఎవరో నవ్వుతూ చెబుతుంటే ఇక్కడ చేసింది. టమాటాలు కుతకుతా ఉడుకుతుంటే ఫ్రిజ్‌లోంచి పాలు తీసి పోసింది. పాలు విరిగాయి. ఎర్రనీళ్లలో తెల్లముక్కలు తేలాయి. ఫోనులో ఆవిడ మాత్రం ఇంకా నవ్వుతూనే ఉంది.

"ఇది ఇలాగే ఉంటుందా?" అని అడిగాను.

"నువ్వు మాట్లాడకు నాన్నా."

అప్పుడు పింకీ మా ఇళ్లల్లో పుట్టినవాళ్లు ఎవరైనా చేసే పనే చేసింది. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, ఇవన్నీ మేం పారేయం. పెరట్లో గేదె కుడితి తొట్టిలో పోస్తాం. దీనికి ఆలోచన అక్కర్లేదు, చెయ్యి దానంతట అదే అటు వెళుతుంది. పింకీ చెయ్యీ వెళ్లింది. హాస్టల్ మొత్తానికి సరిపడా వండిన పాస్తా గిన్నెతో సహా బోర్లించింది.

గేదె తిన్నది. ఆ రాత్రి మా ఇంట్లో పాస్తా తిన్నది అదొక్కటే. మేమిద్దరం పెరుగన్నం తిన్నాం.

తెల్లారేసరికి దాని ఎడమ డొక్క డప్పులా బిగిసింది. నెమరు లేదు. కాళ్లు మార్చి మార్చి వేస్తూ మూలుగుతోంది. పశువుల ఆసుపత్రికి ఫోన్ చేశాను. కొత్త డాక్టరు వస్తారన్నారు.

కొత్త డాక్టరు స్కూటీ మీద వచ్చింది. నలభై ఏళ్లావిడ. పైన రెయిన్‌కోటు, కాళ్లకు రబ్బరు బూట్లు. నన్ను చూడలేదు. నేరుగా గేదె దగ్గరికి వెళ్లి డొక్క మీద తట్టి, చెవి ఆనించి విన్నది.

"ఏం పెట్టారండీ?"

"గడ్డి, తవుడు."

"ఇంకా?"

"నీళ్లు."

ఆవిడ గేదె మూతి దగ్గరికి వంగింది. గడ్డం వెంట్రుకలకు అంటుకున్నదాన్ని రెండు వేళ్లతో తీసి నా మొహం ముందు పెట్టింది. ఎర్రటి స్ప్రింగు.

"మీ ఊళ్లో తవుడు ఇలా ఉంటుందాండీ?"

నా వెనకాల నుంచి పింకీ మాట్లాడింది.

"పాస్తా మేడం. సారీ మేడం."

"ఎంతమ్మా?"

"అంతా."

"టమాటాలో పాలు పోశావా? విరిగిపోయాయా?"

"మీకెలా తెలుసు మేడం?"

"విరక్కపోతే మీరే తినేవారు కదమ్మా." ఆవిడ నా వైపు తిరిగింది. "మీరు ఇంటి పెద్ద. చదువుకున్న పిల్ల తప్పు ఒప్పుకుంది. మీరు డాక్టరుకి అబద్ధం చెప్పారు. గేదె చచ్చిపోతే తవుడుకి చచ్చిపోయిందని రాసుకోనా నేను?"

నాతో ఆ గొంతుతో ఎవరూ మాట్లాడి నాలుగేళ్లయింది. సువర్ణ పోయాక ఊరంతా నాతో ఆసుపత్రి వరండాలో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. ఏం చేసినా పాపం, ఎలా చేసినా పాపం. ఈవిడకు ఆ సమాచారం అందలేదు కాబోలు.

వంటసోడా కలిపిన నీళ్లు, ఆ తర్వాత నూనె వెదురు గొట్టంతో గేదెకు పట్టించింది. గేదె తల నన్ను పట్టుకోమంది. పట్టుకున్నాను. నూనె సగం గేదె తాగింది, సగం నా చొక్కా తాగింది.

"ఇప్పుడు నడిపించండి. త్రేనుపు వచ్చేదాకా ఆపొద్దు."

"వర్షం వచ్చేలా ఉందండీ."

"గేదెకి వర్షమంటే భయమాండీ?"

కాలవ గట్టు మీద గేదెను నడిపించాను. ఆవిడా వచ్చింది, డొక్క చూస్తూ. వర్షం మొదలైంది. చినుకులు కాలవలో పడి బుడగలు లేస్తున్నాయి. అవతల వరి నాట్లు ఊడ్చిన చేలు పచ్చగా తడుస్తున్నాయి. ఇలాంటి చోట ప్రేమ కథల్లో అమ్మాయి గొడుగు తెరుస్తుంది. ఈవిడా తెరిచింది. తెరిచి గేదె వీపు మీద పట్టింది.

"నేనూ తడుస్తున్నానండీ" అన్నాను.

"మీరు ఉబ్బలేదు కదండీ."

"గొడుగు పడితే ఉబ్బరం తగ్గుతుందా?"

"తగ్గదండీ. కానీ దాని తప్పేం లేదు. తప్పు లేనివాళ్లకి గొడుగు పట్టాలి."

గట్టు చివరి దాకా వెళ్లి వెనక్కి తిరిగాం. అప్పుడు గేదె ఆగి, మెడ చాచి, త్రేన్చింది. అలాంటి ఇలాంటి త్రేనుపు కాదు. కాలవ అవతల మేస్తున్న కొంగలు లేచిపోయాయి. పింకీ పాస్తాలో వేసిన వెల్లుల్లి వాసన గట్టంతా కొట్టింది.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "అబ్బ! ఎంత మంచి శబ్దమండీ!" అని రెండు చేతులతో నా భుజం పట్టుకుని ఊపేసింది. తర్వాత తను పట్టుకున్నది గేదెను కాదని గుర్తొచ్చి వదిలేసింది. నన్ను చూసింది. నాలుక చాపండి అనే ముందు డాక్టర్లు చూసే చూపు అది. ఇంటికొచ్చాక కూడా నాకు గుర్తుంది. దోమతెరలో దూరిన దోమ కూడా అలాగే గుర్తుంటుంది. అందులో విశేషమేమీ లేదు.

ఆవిడ పేరు విజయకుమారి అని పింకీ కనుక్కుంది. నేను అడగలేదు. పింకీ చేతులు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, "కాఫీ తాగుతారా మేడం?" అంది. ఆవిడ సరేనని మాటల్లో వంటింటి వైపు నడిచింది.

"మేడం, అక్కడిదాకేనండీ. గుమ్మం దాటితే మా నాన్న ఊరుకోరు" అంది పింకీ.

ఆవిడ ఎందుకని అడగలేదు. గుమ్మం బయటే ఆగింది. అలమరలో డబ్బాల వరస చూసింది, గోడమీద సువర్ణ ఫోటో చూసింది. నేను కాఫీ పెట్టి ఇచ్చాను.

"ఎలా ఉందండీ?"

"బాగాలేదండీ."

నాలుగేళ్లుగా నేను పెట్టిన ప్రతి కాఫీనీ అందరూ అద్భుతం అన్నారు. జాలితో మెచ్చుకునే కాఫీ ఎంత చేదుగా ఉంటుందో వాళ్లకు తెలియదు. ఆవిడ మాత్రం బాగాలేదని చెప్పి, గ్లాసు ఖాళీ చేసి, స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది.

పింకీ గూడెం హాస్టల్‌కి వెళ్లిపోయింది. గేదె పూర్తిగా కోలుకుంది. వారం తర్వాత నేను ఫోన్ చేశాను.

"డాక్టరు గారూ, గేదె అదోలా ఉందండీ."

"మేత తింటోందా?"

"తింటోంది."

"పాలిస్తోందా?"

"ఇస్తోంది."

"మరి ఎలా ఉందండీ?"

"దిగులుగా ఉంది."

"దిగులు గేదెకో మీకో చూసుకుని చెప్పండి రాజు గారూ. నేను పశువుల డాక్టర్ని."

నా పేరు వెంకట్రాజు. ఆ రోజు నుంచి ఆవిడకు నేను రాజు గారినయ్యాను. అడక్కుండానే.

అయినా వచ్చింది. ఆ తర్వాతా వస్తూ ఉండేది. పక్క ఊళ్లో దూడకు టీకా వేసినా, నల్లజర్ల వైపు మీటింగుకు వెళ్లినా, దారి మా ఇంటి మీదుగానే ఉండేది. నల్లజర్లకు మా ఇంటి మీదుగా దారి లేదని మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. ఆవిడకు చెప్పేవాళ్లు లేరు. నేను చెప్పలేదు.

ఒకసారి కొల్లేటికోట దగ్గర మాకున్న చేపల చెరువు పట్టించినప్పుడు, పెద్ద బొచ్చె చేపను సంచిలో వేసి ఆవిడ స్కూటీకి తగిలించాను.

"ఏంటండీ ఇది? గవర్నమెంటు డాక్టరుకి ఇలాంటివి ఇస్తే లంచమంటారు."

"లంచమైతే చిన్న చేప ఇచ్చేవాణ్ణండీ."

"నాకు చేప కొయ్యడం రాదండీ."

"గేదెని కోస్తారు గదా?"

"ఆపరేషన్ చేస్తానండీ. కొయ్యను." నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "నేను పొద్దుపోయి ఇంటికెళ్లి చేపలూ అవీ వండుకోలేను. గూడెంలో ఒక్కదాన్నే ఉంటాను. నాకు రోజూ రాత్రి పాస్తాయే."

"రోజూనా?"

"రోజూనండీ. ఒక పొయ్యి మీద పాస్తా పడేస్తాను. ఇంకో పొయ్యి మీద వెన్నలో ఉల్లిపాయ, వెల్లుల్లి వేయించి, టమాటా గుజ్జు వేసి, కాస్త కారం వేసి మగ్గిస్తాను. మంట బాగా తగ్గించి, చివర్లో గిలక్కొట్టిన మీగడ కలుపుతాను. మీ పింకీలా పాలు కాదండీ, మీగడ. ఇంట్లో పాడిగేదె ఉండి, మీగడ మాని ఫ్రిజ్‌లోంచి పాలు తీసి పొయ్యడమేంటండీ! అన్నీ కలిపి, పాస్తా వార్చిన నీళ్లు ఒక గరిటెడు పోస్తే జారుగా వస్తుంది. ఆ నీళ్లు మాత్రం పారబొయ్యకూడదు. బట్టలు మార్చుకునేలోపు తయారు. ఒక్కదానికి పప్పు నానబెట్టి, కూర తరిగి, చారు పెట్టి... ఎవరు చూడొచ్చారండీ?"

"మీ ఆయన గారు?"

"ఉన్నారండీ. విశాఖపట్నంలో ఉన్నారు. నాకే లేరు. విడాకులై చాలాకాలం అయింది."

బస్సు వెళ్లిపోయిందని చెప్పినట్టు చెప్పింది. నేను పాపం అనలేదు. అననందుకు ఆవిడ నన్ను ఒకసారి చూసింది. ఈసారి నాలుక చాపమనే చూపు కాదు. ఏ చూపో నాకు తెలియదు, నేను చదివింది ఊరి బళ్లో పదో తరగతి. అందులో ఆ పాఠం లేదు.

చేప మాత్రం నేనే కోసి, శుభ్రం చేసి, కారం ఉప్పు పట్టించి డబ్బాలో పెట్టి ఇచ్చాను. మర్నాడు డబ్బా కడిగి తెచ్చిచ్చింది. బావుందని చెప్పింది. ఆవిడ చెబితే బావున్నట్టే.

ఇంతలో బదిలీలు వచ్చాయి.

ఒక సోమవారం ఆవిడ అరుగు మీద కూర్చుని, బూటులోంచి రాయి దులుపుకుంటూ అంది. "కావాలంటే బదిలీ పెట్టుకోవచ్చండీ. మా తమ్ముడు విజయనగరం వచ్చెయ్యమంటున్నాడు. శుక్రవారం ఆఖరు."

"ఓహో."

"ఇక్కడ ఉండమనేవాళ్లు కూడా ఎవరూ లేరు గదండీ."

ఇది ప్రశ్న అని నాకు తెలుసు. దీనికి జవాబు ఏమిటో కూడా తెలుసు. నా నోటికి మాత్రం తెలియదు.

"ఔనండీ. ఎవరున్నారు?" అన్నాను.

ఆవిడ బూటు వేసుకుని లేచింది. "సరేనండీ" అంది. గేదె దగ్గరికి వెళ్లి దాని నుదురు నిమిరింది. నా వైపు రాకుండా స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది.

సాయంత్రం పింకీ ఫోన్ చేసింది. ఆవిడా ఇదీ గూడెంలో కలుసుకుంటూ ఉంటారని నాకు అప్పుడే తెలిసింది.

"నాన్నా, నువ్వు నిజంగా ఆ మాట అన్నావా?"

"ఏ మాట?"

"ఎవరున్నారని! నాన్నా, ఆవిడ ఇంకెలా అడగాలి? మైకులో అడగాలా?"

"పెద్దవాళ్ల విషయాలు నీకెందుకు?"

"పెద్దవాళ్లు సరిగ్గా ఉంటే నాకెందుకు? గురువారం ఆవిణ్ణి భోజనానికి పిలువు. నువ్వే వండు. పాస్తా."

"మన వంటింట్లోనా?"

అవతల పింకీ గొంతు మారింది. "నాన్నా, డబ్బాలు ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి. అమ్మ ఫోటో అక్కడే ఉంటుంది. నువ్వొక్కడివే అక్కడ నిలబడి తినడం నేను చూడలేను. హాస్టల్లో అన్నం ముందు కూర్చుంటే అదే గుర్తొస్తుంది."

ఫోన్ పెట్టేశాను. అది చెప్పినదాంట్లో తప్పు వెతికాను. దొరకలేదు. అందుకు నాకు కోపం వచ్చింది.

రాత్రి భోజనానికి రమ్మని డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పి, గురువారం పొద్దున్నే గూడెం వెళ్లాను. ఉల్లిపాయల మార్కెట్టు దాటాక ఒక పెద్ద షాపుంది. అందులో కుర్రవాడి చొక్కా మీద శివాజీ అని పేరుంది.

"పాస్తా ఉందా బాబూ?"

"ఉందండీ. స్ప్రింగులా, గొట్టాలా, సీతాకోకచిలుకలా, గవ్వలా?"

"అన్నిటి రుచీ ఒకటేనా?"

"ఒకటేనండీ."

"మరి ఇన్ని రకాలెందుకు?"

"పిల్లలు ఇష్టపడతారండీ. ఎవరికండీ, మనవలకా?"

నా వయసు నలభై ఎనిమిది. ఆ షాపుకు మళ్లీ వెళ్లలేదు. గొట్టాలు కొన్నాను. స్ప్రింగుల మీద నాకు నమ్మకం పోయింది.

సాయంత్రం మబ్బు పట్టింది. వెన్న వేశాను, ఉల్లిపాయ వేశాను, ఆవిడ చెప్పిన వరసలోనే అన్నీ వేశాను. టమాటా మగ్గుతోంది. మీగడ గిలక్కొట్టి పక్కన పెట్టాను. పాస్తా ఉడికింది. మూత అడ్డం పెట్టి అన్నం వార్చినట్టు వార్చాను. ఒక్క గొట్టం జారలేదు. ఇటలీవాళ్లు చూసి నేర్చుకోవలసిన వార్పు అది.

అప్పుడే స్కూటీ చప్పుడైంది. ఆవిడ చీర కట్టుకుని వచ్చింది. ముదురు పచ్చ రంగు. రబ్బరు బూట్లు లేకుండా ఆవిణ్ణి చూడటం అదే మొదలు. గుమ్మం దాకా వచ్చి, బయటే ఆగింది.

"మీరే వండుతున్నారాండీ! ఏదీ, అయిందా?"

"మీగడ వెయ్యడమే."

"మంట తగ్గించి వెయ్యండి. ఆఁ, అలాగే. తిప్పండి. రంగు బావుందండీ. ఇప్పుడు వార్చిన నీళ్లు ఒక గరిటెడు పొయ్యండి."

నేను కదల్లేదు.

"నీళ్లండీ."

"పారబొయ్యలేదండీ" అన్నాను.

"మంచిది. ఎక్కడున్నాయి?"

పెరట్లోంచి జుర్రుమని చప్పుడొచ్చింది. ఇద్దరం కిటికీలోంచి అటు చూశాం. గేదె కుడితి తొట్టిలో మూతి పెట్టి, ఉప్పేసి ఉడికించిన పాస్తా గంజి తన్మయంగా తాగుతోంది.

"పారబొయ్యలేదండీ. గేదెకి పోశాను" అన్నాను మళ్లీ.

ఆవిడ గుమ్మం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ కిందికి జారి గడప ముందు కూర్చుండిపోయింది. కళ్లు తుడుచుకుంది. మళ్లీ నవ్వింది.

"మళ్లీ ఉబ్బితే నేను రాను."

"ఉత్త నీళ్లేనండీ."

"డాక్టర్ని నేనా మీరా?"

ఈ నవ్వుల్లో పొయ్యి మీది సాసు సంగతి ఇద్దరం మరిచిపోయాం. అందులో కలుపుదామని పాస్తా గిన్నె రెండు చేతులతో ఎత్తాను. మంట తగ్గించానే గాని, ఆపలేదు. సాసు అడుగంటుతోంది. బుడగలు పైకి చిమ్ముతున్నాయి. చేతుల్లో గిన్నె కాలుతోంది, దించడానికి వంటగట్టు మీద చోటు లేదు.

"మాడుతోందండీ" అంది.

"కనబడుతోందండీ."

"పొయ్యి కట్టెయ్యండి."

"నా చేతులు ఖాళీ లేవండీ."

"నా చేతులు ఖాళీయేనండీ. కానీ గుమ్మం బయట ఉన్నాయి."

నవ్వు ఆగిపోయింది. ఆవిడ లేచి నిలబడింది. పాదాలు గడపకు అవతల జానెడు దూరంలో ఉన్నాయి. లోపలికి వెయ్యలేదు. మాడు వాసన ఎక్కువవుతోంది. నేను పిలవకపోతే ఆ సాసు బొగ్గయ్యేదాకా ఆవిడ అక్కడే నిలబడుతుంది. తర్వాత మర్యాదగా పెరుగన్నం తిని, విజయనగరం వెళ్లిపోతుంది. ఇది నాకు స్పష్టంగా తెలిసింది.

సువర్ణ ఫోటో వైపు చూశాను. ఆ ఫోటోలో తను నవ్వదు. స్టూడియోవాడు నవ్వమన్నాడని పంతానికి నవ్వలేదు. నాకు సాయం చేసే మనిషి కాదు ఎప్పుడూ. నీ పని నువ్వు చూసుకో అనేది.

"రండి" అన్నాను.

ఆవిడ కుడికాలు లోపల పెట్టింది. వచ్చి పొయ్యి కట్టేసింది. గిన్నె నా చేతుల్లోంచి తీసుకుని సాసులో బోర్లించింది. గరిటెతో అడుగు తగలకుండా పైపైన కలిపింది.

"ఉప్పు చాల్లేదండీ. ఎక్కడ?"

"పై వరస. పసుపు డబ్బా పక్కన."

తీసింది, వేసింది, మూత బిగించింది. మళ్లీ పై వరసలో, పసుపు డబ్బా పక్కనే, మూత మీది గీత గోడవైపు ఉండేలా, తీసిన చోటే పెట్టింది. ఎవరూ చెప్పలేదు. నేను వెనక్కి తిరిగి పళ్లేలు తీశాను. పళ్లేలు తియ్యడానికి అంతసేపు పట్టదు.

వేడినీళ్లు పోసి కలిపినా అది జారుగా రాలేదు. అరుగు మీద కూర్చుని తిన్నాం. వర్షం చూరు మీంచి కారుతోంది.

"ఎలా ఉందండీ?" అని అడిగాను.

"దీంతో గోడకు పోస్టర్లు అంటించొచ్చండీ."

"మీరు చేసేదీ ఇలాగే ఉంటుందా?"

"లేదండీ. నాది బావుంటుంది."

రెండోసారి పెట్టించుకుంది. తర్వాత పళ్లెం పక్కన పెట్టి, వర్షం వైపు చూస్తూ అంది. "రేపు శుక్రవారమండీ."

"తెలుసు."

"తెలిస్తే మాట్లాడరేం?"

"విజయనగరం దూరమండీ."

"గేదెకి ఇంకో డాక్టరు వస్తారు."

"గేదె సంగతి కాదండీ."

"మరి ఎవరి సంగతి రాజు గారూ?"

తప్పించుకోవడానికి చుట్టూ చూశాను. గేదె కూడా నెమరు ఆపి నన్నే చూస్తోంది.

"వెళ్లొద్దండీ" అన్నాను. "నాకు మీరు కావాలి. నా కోసం ఉండిపోండి."

అంతే. మొత్తం మూడు ముక్కలు. నాలుగేళ్లలో నేను మాట్లాడిన మాటలన్నీ కలిపినా అంత బరువు లేవు.

ఆవిడ పళ్లెం ఇంకాస్త పక్కకు జరిపింది. తర్వాత మెల్లగా అంది. "ఊరు చూస్తుందండీ. మీ చుట్టాలు రకరకాలుగా అంటారు. విడాకులైనదని అంటారు. అప్పుడు నోరు మూసుకుని ఉండరు కదా?"

"చుట్టాలకు నేనెప్పుడు భయపడ్డానండీ?"

"నాకు భయపడ్డారు కదండీ. సోమవారం."

అది నిజం. నేను తల దించుకున్నాను. ఆవిడ చెయ్యి చాచి నా మోచేతి మీద పెట్టింది. మీగడ అంటిన చెయ్యి. తియ్యలేదు.

"ఇంకోసారి అనండి."

"ఏది?"

"ఇప్పుడన్నది. వర్షంలో సగమే వినబడింది."

"మొత్తం వినబడింది. మీ మొహం చెబుతోంది."

"అయినా అనండి."

"అననండీ."

ఆవిడ నవ్వింది. బదిలీ పెట్టలేదు. కార్తీకంలో ఏలూరు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు చేశాం. పింకీ సాక్షి సంతకం పెట్టి, హాస్టల్ పిల్లలందరికీ స్వీట్లు పంచింది. మా అక్క నూకాలమ్మ విజయకుమారికి చీర పెట్టి, బుగ్గలు నొక్కి, "మా తమ్ముడు మనిషి మంచివాడేనమ్మా, నోరే" అని దీవించింది. నేను అక్కతో మాట్లాడలేదు. విజయకుమారి మాట్లాడింది. అది ఆవిడ ఇష్టం.

ఆ గురువారం అరుగు మీద ఏమన్నానో ఇంకోసారి చెప్పమని విజయకుమారి ఇప్పటికీ అడుగుతుంది. వర్షం పడితే మరీ. పింకీ ఫోన్ స్పీకర్లో పెట్టి అడుగుతుంది. ఒక్కసారి అన్నాను, అది చాలు. ఇక్కడ రాసింది కూడా మీరు నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. ఎవరొచ్చి అడిగినా, ఎన్నిసార్లు అడిగినా, ఈ సంగతి మీద ఇక నా నోట ఒక్క ముక్క రాదు.